వాసన లేని వాయువు

ఫ్రిజ్ చల్లబడటం మానేస్తే మన ఇళ్ళలో మొదట వినిపించే మాట "గ్యాస్ అయిపోయినట్టుంది." బియ్యం అయిపోయాయి, నూనె అయిపోయింది, సిలిండర్ అయిపోయింది అన్నంత మామూలుగా అనేస్తాం. వచ్చిన మెకానిక్ కూడా చాలాసార్లు ఆ మాటే అంటాడు. గ్యాస్ పట్టిస్తాం, డబ్బులిస్తాం, మళ్ళీ వేసవికి అదే మాట. వినడానికి చిన్న మాటే గాని, అందులో ఉన్న పొరపాటుకి వందేళ్ళకి దగ్గరపడుతున్న చరిత్ర ఉంది. ఈ వ్యాసం ఆ చరిత్ర గురించి.

వంటింటి సిలిండర్‌లో గ్యాస్ మండిపోతుంది కాబట్టి అయిపోతుంది. ఫ్రిజ్‌లో గ్యాస్ మండదు, ఖర్చవదు. మూసేసిన గొట్టాల్లో గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది, అంతే. కంప్రెసర్ దాన్ని నొక్కి వేడెక్కిస్తుంది. వెనకవైపు నల్లటి జాలీలో అది తన వేడిని గదిలోకి వదిలి ద్రవమవుతుంది. అక్కణ్ణుంచి కేపిలరీ అనే, సూది దూరేంత రంధ్రం మాత్రమే ఉన్న రాగిగొట్టంలోంచి బయటపడి, పీడనం ఒక్కసారిగా తగ్గిన చోట మరగడం మొదలుపెడుతుంది. మరగడానికి కావలసిన వేడిని ఫ్రీజర్ గోడల నుంచి లాక్కుంటుంది. ఆవిరై మళ్ళీ కంప్రెసర్ దగ్గరికి చేరుతుంది. ఇరవై ఏళ్ళు ఇలా తిరిగినా ఒక్క గ్రాము తగ్గాల్సిన పని లేదు. తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడిందన్నమాట. అంటే గ్యాస్ అయిపోలేదు, కారిపోయింది. ఈ రెండు క్రియల మధ్య తేడా పట్టించుకోకపోవడం వల్ల జరిగిన నష్టం మన వంటింటితో ఆగలేదు.

ఫ్రిజ్ చరిత్రని మామూలుగా కనిపెట్టినవాళ్ళ వైపు నుంచి రాస్తారు. నాకు పాత యంత్రాలని విప్పి చూసే సరదా ఉండటం వల్ల బాగుచేసినవాళ్ళ వైపు నుంచి చదవడం అలవాటైంది. అటునుంచి చూస్తే ఈ కథలో ముఖ్యమైన పనిముట్టు రెంచీ కాదు, మనిషి ముక్కు.

1920లలో అమెరికాలో ఇంటి ఫ్రిజ్‌లు మొదలైనప్పుడు వాటిలో వాడిన వాయువులు ముఖ్యంగా మూడు: అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్. మూడూ విషాలే. అప్పటి యంత్రాల్లో మోటారు బయట ఉండేది, బెల్టు ద్వారా కంప్రెసర్‌ని తిప్పేది. తిరిగే ఇరుసు ఎక్కడ కంప్రెసర్‌లోకి దూరుతుందో అక్కడ సీలు అరిగేది, గ్యాస్ కారేది. మరమ్మత్తు అంటే చాలావరకు ఆ సీలుతో కుస్తీనే.

ఆ కుస్తీని తప్పించిన యంత్రం 1927లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ అమ్మకానికి పెట్టిన 'మానిటర్ టాప్'. డెన్మార్క్ నుంచి వలసవచ్చిన క్రిస్టియన్ స్టీన్‌స్ట్రప్ అనే ఇంజినీరు దాని రూపకర్త. మోటారునీ కంప్రెసర్‌నీ కలిపి ఒకే ఉక్కు డొల్లలో పెట్టి శాశ్వతంగా మూసేశాడు. బయటికి వచ్చే ఇరుసే లేదు కాబట్టి అరిగే సీలూ లేదు. ఆ డొల్ల ఫ్రిజ్ నెత్తిన గుండ్రంగా కూర్చుని ఉంటుంది. చూసినవాళ్ళకి అమెరికా అంతర్యుద్ధకాలపు 'మానిటర్' అనే యుద్ధనౌక మీది ఫిరంగి బురుజు గుర్తొచ్చి ఆ పేరు పెట్టారు. పది లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. వాటిలో కొన్ని సేకర్తల ఇళ్ళలో ఇప్పటికీ నడుస్తున్నాయి.

మానిటర్ టాప్‌లో మొదట వాడింది సల్ఫర్ డయాక్సైడ్. గంధకం కాల్చితే వచ్చే ఘాటు. దీపావళి రాత్రి వీధిలో ముక్కులు అదిరిపోయే వాసనలో దాని పాలు కొంత ఉంటుంది. గాలిలో పది లక్షల భాగాలకి రెండు మూడు భాగాలున్నా చాలు, మనిషి పసిగట్టేస్తాడు. ప్రాణం మీదికి రావాలంటే అంతకు ఎన్నో రెట్లు కావాలి, ఆలోపే కళ్ళు మండి, దగ్గు తెరలు తెరలుగా వచ్చి, ఇంట్లో ఎవరున్నా వీధిలోకి పరిగెడతారు. అందుకే అప్పటి ఇంట్లో ఫ్రిజ్ కారుతోందా లేదా అన్న సందేహం ఎవరికీ రాలేదు. ఎక్కడ కారుతోందన్నదే ప్రశ్న. దానికి మెకానిక్ దగ్గర చవకైన ఉపాయం ఒకటుంది. కర్రకి గుడ్డ చుట్టి అమ్మోనియాలో ముంచి గొట్టాల అతుకుల వెంబడి తిప్పుతాడు. సల్ఫర్ డయాక్సైడ్ తగిలిన చోట తెల్లటి పొగ లేస్తుంది. చిల్లు తనంతట తనే చెయ్యెత్తి చూపించినట్టు.

దీనికి ఇంకో ఇబ్బంది ఉంది. సల్ఫర్ డయాక్సైడ్ మామూలు పీడనంలో మైనస్ 10 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఫ్రీజర్‌ని అంతకన్నా చల్లగా ఉంచాలంటే ఆ భాగంలో పీడనం బయటి గాలికన్నా తక్కువగా ఉండాలి. అలాంటప్పుడు అక్కడ చిల్లు పడితే గ్యాస్ బయటికి రావడం అటుంచి, బయటి గాలీ తేమా లోపలికి వెళతాయి. తేమా సల్ఫర్ డయాక్సైడూ కలిస్తే ఆమ్లం. అది లోపలి నుంచి యంత్రాన్ని తినేస్తుంది. ఇప్పుడు మానిటర్ టాప్‌లని బతికించే పనిలో ఉన్నవాళ్ళు తేమని చూసి భయపడినంతగా దేన్ని చూసీ భయపడరు.

మిథైల్ క్లోరైడ్ కథ దీనికి తిరగేసినట్టు ఉంటుంది. దాని వాసన పల్చగా, కాస్త తియ్యగా ఉంటుంది. నిద్రలో ఉన్నవాణ్ణి లేపదు. షికాగో నగరంలో కొన్ని అపార్ట్‌మెంట్లకి కింద ఒకే కంప్రెసర్ పెట్టి గొట్టాల ద్వారా అన్ని ఇళ్ళ ఫ్రిజ్‌లకీ గ్యాస్ పంపేవారు. ఏ ఒక్క ఇంట్లో చిల్లు పడినా భవనమంతటికీ చాలినంత గ్యాస్ ఆ ఇంట్లోకి రావచ్చు. అక్కడ ఇళ్ళ ఫ్రిజ్‌ల నుంచి కారిన మిథైల్ క్లోరైడ్ సోకిన 29 మంది గురించి 1929లో వైద్య పత్రికలో వివరం వచ్చింది. వాళ్ళలో పదిమంది చనిపోయారు. తరవాత ఆ వాయువులో ఎక్రోలీన్ అనే కళ్ళు మండించే పదార్థం కలపడం మొదలుపెట్టారు. కారితే తెలియాలని. మన వంటగ్యాస్‌కి సహజంగా వాసన ఉండదు, కుళ్ళిన కోడిగుడ్డు లాంటి ఆ కంపు కావాలని కలిపినదే. రెండిటి వెనకా ఉన్న తర్కం ఒకటే. ప్రమాదాన్ని తీసేయలేకపోతే కనీసం దానికి గొంతు ఇవ్వాలి.

ఇలాంటి మరణాలు బెర్లిన్‌లోనూ జరిగాయి. ఫ్రిజ్ నుంచి కారిన విషవాయువుకి ఒక కుటుంబం మొత్తం పోయిందన్న వార్త పత్రికలో చదివి ఐన్‌స్టీన్ చలించిపోయాడని, తన యువ మిత్రుడు లియో సిలార్డ్‌తో కలిసి కదిలే భాగాలు లేని ఫ్రిజ్ తయారుచేసే పనికి పూనుకున్నాడని చెబుతారు. 1926 నుంచి కొన్నేళ్ళపాటు ఇద్దరూ నిజంగానే ఆ పని చేశారు, రకరకాల పద్ధతులకి పేటెంట్లు తీసుకున్నారు. అమెరికా పేటెంటు 1930 నవంబరులో వచ్చింది. వాళ్ళ పద్ధతుల్లో ఒకటి ద్రవలోహాన్ని అయస్కాంత బలంతో నెట్టే పంపు. దానితో తయారైన నమూనా పనిచేసింది గాని మోత విపరీతం. ఇళ్ళలోకి రాలేదు. అదే రకం పంపు తరవాతి రోజుల్లో అణు రియాక్టర్లలో ద్రవ సోడియంని తిప్పడానికి పనికొచ్చింది.

కదిలే భాగాలు లేని ఫ్రిజ్‌లు అప్పటికే మరో రకం ఉన్నాయి. స్వీడన్ విద్యార్థులు ఫాన్ ప్లాటెన్, మున్టర్స్ రూపొందించిన పద్ధతి అది. చిన్న మంట వేడితో అమ్మోనియాని నీటి నుంచి విడదీసి తిప్పుతుంది. ఆ పద్ధతిలో అమెరికాలో సర్వెల్ అనే కంపెనీ లక్షల ఫ్రిజ్‌లు అమ్మింది. కరెంటు లేని పల్లెల్లో అవి దశాబ్దాలు నడిచాయి. ఈ రకం ఫ్రిజ్ చల్లబడకపోతే పాతవాళ్ళు చేసే చికిత్స విచిత్రంగా ఉంటుంది: ఆపేసి, తలకిందులు చేసి, కొన్ని గంటలు అలాగే ఉంచి, మళ్ళీ నిలబెట్టడం. గొట్టాల్లో ఎక్కడో ఇరుక్కున్న ద్రవం సర్దుకుంటుంది, కొన్నిసార్లు ఫ్రిజ్ లేచి కూర్చుంటుంది. దాంట్లో అమ్మోనియా ఉన్నా, అది కారితే ఊరంతటికీ తెలుస్తుంది. అసలు ప్రమాదం వేరే చోటి నుంచి వచ్చింది. బర్నర్‌లో మసి పేరుకుని మంట నీలం నుంచి పసుపుకి మారితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసనే లేదు. 1933 నుంచి 1957 మధ్య తయారైన సర్వెల్ గ్యాస్ ఫ్రిజ్‌లని వాడవద్దని అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ చాలాకాలం తరవాత హెచ్చరించాల్సి వచ్చింది. కంపు కొట్టే విషం కంటే కంపు కొట్టని విషమే ఎక్కువ కాలం ఇంట్లో కాపురం ఉండగలిగింది.

*

ఈ నేపథ్యంలో చూస్తే థామస్ మిడ్‌గ్లీ చేసిన పని ఆనాటి వాళ్ళకి వరంలా ఎందుకు కనిపించిందో తెలుస్తుంది. 1928లో మిడ్‌గ్లీ, ఆల్బర్ట్ హెన్నీ బృందం విషం కాని, మండని, వాసన దాదాపు లేని ఒక వాయువుని ఎంచి తయారుచేసింది. డైక్లోరోడైఫ్లోరోమీథేన్ దాని పూర్తి పేరు. ఫ్రియాన్ అని వ్యాపారనామం. మెకానిక్‌ల నోట్లో ఆర్-12. 1930 ఏప్రిల్‌లో అట్లాంటాలో జరిగిన అమెరికన్ కెమికల్ సొసైటీ సమావేశంలో మిడ్‌గ్లీ ఆ వాయువుని గుండెలనిండా పీల్చి, వెలుగుతున్న కొవ్వొత్తి మీదికి ఊదాడు. కొవ్వొత్తి ఆరిపోయింది, ఆయనకి ఏమీ కాలేదు. విషం కాదనీ, మండదనీ ఒక్క ఊపిరితో రుజువైపోయింది. సభ చూసిన రుజువు నిజమైనదే. ఆ ఊపిరి తరవాత ఎక్కడికి వెళ్ళిందని ఆ గదిలో ఎవరూ అడగలేదు. అడగడానికి కావలసిన శాస్త్రం అప్పటికి పుట్టలేదు కూడా.

ఆర్-12 రావడంతో ఫ్రిజ్ పడగ్గది పక్కన కూడా నిశ్చింతగా ఉండగలిగింది. ఇది చిన్న లాభం కాదు. తరవాతి కథ చెప్పేటప్పుడు షికాగోలో పోయిన పదిమందిని మర్చిపోతే అన్యాయం. అయితే మెకానిక్ తన ముక్కుని పోగొట్టుకున్నాడు. దాని బదులు అతని చేతికి హాలైడ్ టార్చ్ వచ్చింది. చిన్న మంట, దానిలో ఎర్రగా కాలే రాగి పలక, గాలి పీల్చే రబ్బరు గొట్టం. గొట్టం కొసని అతుకుల దగ్గర తిప్పితే, గ్యాస్ కారే చోట మంట ఆకుపచ్చగా మారుతుంది. టార్చ్ లేనివాడికి సబ్బునురగ. అదీ లేకపోతే కళ్ళు చాలు: గ్యాస్‌తోపాటు కొంచెం కంప్రెసర్ నూనె కూడా తిరుగుతూ ఉంటుంది కాబట్టి, చిల్లు ఉన్నచోట జిడ్డు మరక, దానికి అంటుకున్న దుమ్ము కనిపిస్తాయి. అంటే వెతకదలిచినవాడికి దారులున్నాయి. వెతక్కపోయినా కళ్ళు మండవు, ఎవరూ వీధిలోకి పరిగెత్తరు. అక్కడే వచ్చింది చిక్కు.

మన దగ్గరికి ఫ్రిజ్ ఈ ఆర్-12 యుగంలోనే వచ్చింది. 1958లో గోద్రెజ్ ఇక్కడ ఫ్రిజ్‌ల తయారీ మొదలుపెట్టింది. హైదరాబాదులో 1942లో నిజాం ప్రభుత్వ పాలుతో మొదలైన ఆల్విన్ బస్సులకీ బీరువాలకీ తోడు ఫ్రిజ్‌లూ చేసింది. ఒక తరం తెలుగువాళ్ళకి ఫ్రిజ్ అంటే ఆల్విన్. 1990లలో ఆ ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్‌కి వెళ్ళిపోయింది. కూకట్‌పల్లి దగ్గర ఆల్విన్ కాలనీ పేరులో మాత్రం ఆ జ్ఞాపకం మిగిలింది. మనకి సల్ఫర్ డయాక్సైడ్ కాలం దాదాపు తెలియదు. ఫ్రిజ్ కారితే ఊపిరాడదన్న అనుభవమే లేని సమాజంలోకి, కారినా తెలియని గ్యాస్‌తో ఫ్రిజ్ వచ్చింది. దాదాపు అదే కాలంలో వంటింట్లోకి సిలిండర్ కూడా వచ్చింది. పక్కపక్కనే ఉన్న రెండు వస్తువులకీ ఒకే మాట సరిపోయింది: గ్యాస్ అయిపోయింది.

ఈ రోగనిర్ణయం ఎంత తేలికైపోయిందంటే, గ్యాస్‌తో సంబంధం లేని జబ్బులకి కూడా అదే మందు వేసేవారు. నా దగ్గరికి ఒకసారి ఆర్-12 కాలంనాటి సింగిల్ డోర్ ఫ్రిజ్ ఒకటి వచ్చింది. గ్యాస్ అయిపోయిందని పక్కన పడేసినది. ప్లగ్గు పెడితే కంప్రెసర్ కొన్ని క్షణాలు గుర్రుమని, టక్కుమని ఆగిపోయేది. కాసేపాగి మళ్ళీ గుర్రు, మళ్ళీ టక్కు. నిజానికి ఈ ఒక్క లక్షణం చాలు. గ్యాస్ తగ్గిన ఫ్రిజ్ ఇలా ప్రవర్తించదు. దాంట్లో కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, వెనక జాలీ వేడెక్కదు, ఫ్రీజర్‌లో కేపిలరీ వచ్చి కలిసే మూల దగ్గర మాత్రం కొంచెం మంచు పడుతుంది. గుర్రుమని ఆగిపోతోందంటే మోటారు కదలలేకపోతోంది, వేడెక్కుతోంది, ఓవర్‌లోడ్ స్విచ్ దాన్ని కాపాడుతోంది.

మోటారు బాగుందో లేదో తెలుసుకోవడానికి కంప్రెసర్ పక్కన మూడు పిన్నులుంటాయి. మల్టీమీటర్‌తో జంటలుగా నిరోధం కొలవాలి. ఎక్కువ రీడింగు వచ్చిన జంటని వదిలేస్తే మిగిలిన మూడోది కామన్. కామన్ నుంచి తక్కువ చూపించేది రన్నింగ్ వైండింగ్, ఎక్కువ చూపించేది స్టార్టింగ్ వైండింగ్. ఆ రెండూ కూడితే మొదటి పెద్ద అంకె రావాలి. ఏ పిన్నుకీ బయటి ఉక్కు డొల్లకీ మధ్య కరెంటు దారి ఉండకూడదు. లెక్క సరిపోతే వైండింగులు బాగున్నట్టే. ఇదంతా ప్లగ్గు తీసేసి చెయ్యాల్సిన పని. నేను చూసిన ఫ్రిజ్‌లో లెక్క సరిపోయింది. చెడిపోయింది స్టార్టింగ్ రిలే. గ్యాస్ నిండుగా ఉంది.

ఇలా పేర్లు తప్పిన జబ్బులు ఇంకా ఉన్నాయి. లోపలి బల్బు వెలుగుతూ కంప్రెసర్ ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే ముందు థర్మోస్టాట్ చూడాలి. తలుపు రబ్బరు గట్టిపడితే వేడిగాలి దూరి మంచు కుప్పలుగా పేరుకుంటుంది. కాయితం ముక్క తలుపులో పెట్టి లాగితే పట్టు ఉందో లేదో తెలుస్తుంది. కరెంటు పోయి వెంటనే వస్తే కంప్రెసర్ మొరాయించడం జబ్బే కాదు, కేపిలరీకి అటూ ఇటూ పీడనం సమానం కావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. స్టెబిలైజర్లలో ఆలస్యం పెట్టింది అందుకే. ఒక పూట చల్లబడి, ఒక పూట మానేసి, మంచు కరిగించగానే మళ్ళీ పనిచేస్తే లోపల తేమ చేరి కేపిలరీ మూతి దగ్గర గడ్డకడుతోందని అర్థం. వీటన్నిటికీ గొట్టం కోసి, ఉన్న గ్యాస్‌ని గాల్లోకి వదిలేసి, కొత్తది నింపడం ఒకప్పుడు మామూలు విషయం. వాసన రాదు కదా, వదిలినా ఎవరికీ ఏమీ అనిపించదు.

నిజంగా కారే ఫ్రిజ్‌ల సంగతీ చూద్దాం. మన ఇళ్ళలో దానికి పెద్ద కారణం కత్తి. ఫ్రీజర్‌లో గడ్డకట్టిన మంచుని కత్తితోనో స్క్రూడ్రైవర్‌తోనో పెకలించడం చూడని ఇల్లు తక్కువ. ఆ పల్చటి అల్యూమినియం గోడలోనే గ్యాస్ దారులుంటాయి. సూదిమొన అంత గాటు చాలు. దాన్ని వెతికి మూయకుండా గ్యాస్ మాత్రం నింపితే కొన్ని నెలలు నడుస్తుంది. మా సాఫ్ట్‌వేర్ వృత్తిలో దీనికి సరిగ్గా జోడీ ఉంది. ప్రోగ్రాం మెమరీని వాడుకుని తిరిగి ఇవ్వకపోతే మెమరీ లీక్ అంటాం. ఎక్కడ లీకవుతోందో వెతకడం కష్టం, రోజూ అర్ధరాత్రి సర్వర్ ఆపి మళ్ళీ మొదలుపెట్టడం తేలిక. అలా ఏళ్ళతరబడి నడిచే వ్యవస్థలున్నాయి. అయితే సర్వర్ మళ్ళీ మొదలైతే పోయిన మెమరీ తిరిగొస్తుంది. ఫ్రిజ్ నుంచి పోయినది తిరిగిరాదు.

అది ఎక్కడికి పోతోందో 1974లో తేలింది. మారియో మోలినా, షెర్వుడ్ రోలాండ్ 'నేచర్' పత్రికలో రాసిన పత్రం సారాంశం ఇది: ఈ వాయువులు కింద దేనితోనూ కలవవు కాబట్టే చెక్కుచెదరకుండా పైకి చేరతాయి, అక్కడ అతినీలలోహిత కిరణాలు వాటిని విరిచి క్లోరిన్‌ని విడిపిస్తాయి, ఒక్క క్లోరిన్ పరమాణువు వేలకొద్దీ ఓజోన్ అణువులని నాశనం చేస్తుంది. దేనితోనూ కలవదు అన్న సుగుణమే దోషమైంది. ఆర్-12 గాలిలో దాదాపు వందేళ్ళు ఉంటుంది. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ పొర పల్చబడిపోతోందన్న కొలతలు బయటికొచ్చాయి. 1987లో మాంట్రియల్ ఒప్పందం. 1992లో భారతదేశం అందులో చేరింది. మన లాంటి దేశాలు సీఎఫ్‌సీలు మానెయ్యడానికి గడువు 2010.

ఓజోన్ ఒక్కటే కాదు. వందేళ్ళ లెక్కన ఆర్-12 ఒక కిలో, దాదాపు 10,900 కిలోల కార్బన్ డయాక్సైడ్ అంత భూమిని వేడెక్కిస్తుంది. చిన్న ఫ్రిజ్‌లో 150 గ్రాములుందనుకోండి. ఒక్కసారి గొట్టం కోసి వదిలితే 1,600 కిలోలకు పైనే. చిల్లు మూయకుండా మూడు వేసవులు నింపిస్తే దానికి మూడింతలు. రిలే మార్చాల్సిన చోట గ్యాస్ మార్చిన ప్రతి ఇంటి లెక్కా ఇందులో ఉంది. ఇందుకు మెకానిక్‌ని నిందించడం నాకు సబబనిపించదు. చిల్లు వెతకడానికి సగం రోజు పడుతుంది. ఆ సగం రోజుకి కూలి ఇవ్వడానికి మనం సిద్ధంగా లేం. నింపడానికైతే వెంటనే ఇస్తాం.

ఆర్-12 తరవాత వచ్చిన ఆర్-134ఎ ఓజోన్ జోలికి పోదు గాని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌కి దాదాపు 1,400 రెట్లు. ఇప్పటి ఇంటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉండేది ఆర్-600ఎ, అంటే ఐసోబ్యూటేన్. వంటగ్యాస్‌కి దగ్గరి చుట్టం. భూమికి దాదాపు హాని లేదు, కాని మండుతుంది. అందుకే కొద్ది గ్రాములే నింపుతారు. మైనస్ 12 డిగ్రీల దగ్గర మరుగుతుంది కాబట్టి, ఫ్రీజర్‌వైపు చిల్లు పడితే పాత సల్ఫర్ డయాక్సైడ్‌లాగే గాలిని లోపలికి పీలుస్తుంది. వందేళ్ళు తిరిగి ఇంచుమించు బయల్దేరిన చోటికే వచ్చాం, ఈసారి వాసన లేకుండా. వంటగ్యాస్‌కి కలిపే కంపు దీనికి కలపరు.

అందుకే పాత ఫ్రిజ్‌లని బతికించాలనుకునేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆర్-12 దొరకడం లేదు కదా అని పాత పెట్టెలో మండే గ్యాస్ నింపేవాళ్ళున్నారు. ఆ పెట్టెని తయారుచేసినప్పుడు లోపలి థర్మోస్టాట్, బల్బు స్విచ్ వేసే చిన్న నిప్పురవ్వల గురించి ఎవరూ ఆలోచించలేదు, ఆలోచించాల్సిన అవసరమూ అప్పుడు లేదు. మూసిన తలుపు వెనక గ్యాస్ చేరితే ఆ రవ్వ చాలు. ఆర్-134ఎ నింపుదామంటే పాత కంప్రెసర్ నూనె దానితో కలవదు. వందేళ్ళకి దగ్గరపడిన యంత్రం ఇంకా చల్లబరుస్తోందంటే దాని గొట్టాల జోలికి పోకపోవడమే అసలైన మరమ్మత్తు. రిలే, వైరు, థర్మోస్టాట్, తలుపు రబ్బరు: ముందు ఇవి చూడాలి. గొట్టం కొయ్యడం చివరి మాట కావాలి, కోస్తే లోపలున్నదాన్ని సిలిండర్‌లోకి పట్టాలి.

సల్ఫర్ డయాక్సైడ్ రోజులు తిరిగి రావాలని ఎవరూ కోరుకోరు. ఆ వాయువు మనుషుల కళ్ళు మండించింది, ఊపిరి ఆపింది. కాని తాను కారుతున్నానని తానే చెప్పింది. ఆ తరవాతి వాయువులు ఆ పని మనకి వదిలేశాయి. చేతిలో టార్చ్ లేకపోయినా, మల్టీమీటర్ లేకపోయినా మనం చెయ్యగలిగిన చిన్న పని ఒకటుంది. ఎవరైనా "గ్యాస్ అయిపోయింది" అన్నప్పుడు, నింపమనే ముందు, "ఎక్కడ కారింది?" అని అడగడం.